పాత కిటికీకి గడియేదీ?

శ్రీకాకుళం జిల్లాలోని పోలీసు కంప్యూటరుకీ, లండన్‌లోని ఆసుపత్రి కంప్యూటరుకీ ఏమిటి సంబంధం? మామూలు రోజుల్లో అయితే ఏమీ లేదు. 2017 మే నెల రెండో వారాంతంలో మాత్రం రెండుచోట్లా ఒకటే గొడవ. తెరమీద ఉన్నట్టుండి ఓ ఎర్రటి పెట్టె! ‘మీ ఫైళ్లకు తాళం వేశాం. తీయాలంటే 300 డాలర్లు కట్టండి. మూడు రోజులు దాటితే 600. వారం దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోండి’... ఇదీ అందులోని సారాంశం. పక్కనే రెండు గడియారాలు వెనక్కి లెక్కపెడుతూ ఉంటాయి. డబ్బు బిట్‌కాయిన్లలోనే కట్టాలట.

దాని పేరు వాన్నాక్రై. ‘ఏడవాలనుందా?’ అని దానర్థం. పేరు పెట్టినవాడికి వెటకారం బాగానే ఉంది. ఆ బెదిరింపు చదువుకోడానికి ఏకంగా 28 భాషలు ఇచ్చారు. బల్గేరియన్ ఉంది, వియత్నామీస్ ఉంది. తెలుగు లేదు. హిందీ కూడా లేదు. అంటే మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేసింది కాదన్నమాట. అయినా మనదాకా వచ్చేసింది!

చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు విభాగాల్లో కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. దెబ్బతిన్నవి విడివిడిగా ఉన్న కొన్ని కంప్యూటర్లేననీ, ముందుజాగ్రత్తగా వాటిని ఆపేశామనీ అప్పటి డీజీపీ సాంబశివరావు చెప్పారు. అన్నీ విండోస్ మీద నడిచేవే. కేరళలో వయనాడ్ జిల్లాలోని ఓ పంచాయతీ కార్యాలయం, పశ్చిమబెంగాల్‌లో విద్యుత్తు పంపిణీ సంస్థ ఆఫీసులూ ఇదే బాధ పడ్డాయి. మొత్తం 150 దేశాలు, రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పరిస్థితి మరీ ఘోరం. డాక్టరు ఇచ్చిన తేదీలు, ఆపరేషన్లు కలిపి 19 వేల దాకా రద్దయ్యాయని తరవాత లెక్క తేలింది.

ఎవరో ఏదో పిచ్చి మెయిల్ తెరిచి ఉంటారు, అందుకే వచ్చిందనుకుంటాం కదా. కాదు. వాన్నాక్రైకి మీ క్లిక్కుతో పనిలేదు. ఓ ఆఫీసులో నాలుగు కంప్యూటర్లకు ఒకటే ప్రింటరు ఉంటుంది. ఒకరి ఫోల్డరు మరొకరు తెరుచుకునే ఏర్పాటూ ఉంటుంది. అందుకోసం విండోస్‌లో ఎప్పటినుంచో ఓ పెరటిదారి ఉంది. ఎస్‌ఎంబీ అంటారు. అందులోని పాత రకం తలుపు గడియలో లోపముంది. పురుగు దాన్ని తోసుకుని లోపలికొస్తుంది, ఫైళ్లకు తాళం వేస్తుంది, మళ్లీ అదే దారిలో పక్క కంప్యూటరు తలుపు తడుతుంది. ఉద్యోగులందరూ ఇంటికెళ్లి నిద్రపోతున్నా సరే, దాని పని అది చేసుకుపోతుంది.

59 రోజుల ముందే...

తుపానుల సంగతి సిక్కోలు వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరిచెట్లనీ జీడితోటల్నీ నేలమట్టం చేసి పోయింది. అయితే అది చెప్పాపెట్టకుండా రాలేదు. వాతావరణశాఖ ముందునుంచీ చెబుతూనే ఉంది. కళింగపట్నం, భీమిలి రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎన్నో నంబరో వినగానే వలలు, పడవలు ఎక్కడికి చేర్చాలో గంగపుత్రులకు తెలిసిపోతుంది.

వాన్నాక్రైకీ హెచ్చరిక ముందే వచ్చింది. ఆ గడియ లోపాన్ని సరిచేసే అతుకును... అదే, కంప్యూటరు వాళ్లు ప్యాచ్ అంటారే, దాన్ని మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న విడుదల చేసింది. పురుగు బయటపడింది మే 12న. మధ్యలో 59 రోజులున్నాయి! ఆ లోపాన్ని వాడుకునే ఆయుధం అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ దగ్గర పుట్టిందనీ, షాడో బ్రోకర్స్ అనే ముఠా దాన్ని ఏప్రిల్లో నడివీధిలో పడేసిందనీ చదువుకున్నాం. తాళంచెవి వీధిలో దొరుకుతోందని ప్రపంచమంతటికీ తెలిసి నెల గడిచినా, లక్షలమంది తలుపులు అలాగే ఉన్నాయి.

మరి విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్ల మాట? వాళ్లకు ఆ హెచ్చరికే లేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి అతుకులు వేయడం మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే మానేసింది. రేవులో హెచ్చరిక ఎగరేసేవాడే లేనట్టు. కొంప మునిగాక, ఆ ఒక్కసారికి మనసు మార్చుకుని ఎక్స్‌పీకి కూడా అతుకు విడుదల చేసింది. 2019 మేలో బ్లూకీప్ అనే మరో లోపం బయటపడినప్పుడూ అలాగే చేసింది. ప్రతిసారీ అలా చేస్తుందని ఏ కాగితం మీదా రాసివ్వలేదు.

ఇక్కడో తమాషా ఉంది. పాపమంతా ఎక్స్‌పీదేనని ఆ రోజుల్లో అందరూ దుమ్మెత్తిపోశారు. తీరా చూస్తే దెబ్బతిన్నవాటిలో నూటికి 98 విండోస్ 7 కంప్యూటర్లేనని కాస్పర్‌స్కీ సంస్థ లెక్క తేల్చింది. ఎక్స్‌పీలోకి దూరబోయిన పురుగు చాలాసార్లు ఆ కంప్యూటర్నే నీలితెరతో కుప్పకూల్చేసి తానూ ఆగిపోయింది. చెప్పొచ్చేదేమంటే, విండోస్ 7కి అప్పటికి అతుకు ఉంది. వేసుకోవాల్సినవాళ్లే వేసుకోలేదు. గొడుగు లేనివాడు తడిశాడంటే అర్థముంది. చంకలో గొడుగు పెట్టుకుని తడిసినవాళ్లను ఏమనాలి?

అతుకు వేసుకోకపోవడానికి మన దగ్గర ఓ ప్రత్యేక కారణం ఉంది. కంప్యూటరు అసెంబుల్ చేసిచ్చే కుర్రాడే విండోస్ కూడా ‘వేసి’ ఇచ్చేస్తాడు. అది కొన్నది కాదని ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు. అప్‌డేట్లు ఆన్‌లో ఉంటే ఎక్కడ దొరికిపోతామో, తెర నల్లబడి ‘ఇది అసలైన కాపీ కాదు’ అని ఎక్కడ వస్తుందోనని వెళ్తూవెళ్తూ వాటిని ఆపేసి పోతాడు. నిజానికి ఎక్స్‌పీ రోజుల్లో ముఖ్యమైన భద్రత అతుకులను దొంగ కాపీలకూ మైక్రోసాఫ్ట్ ఇచ్చేది. ఆ సంగతి అడిగినవారెవరు? చెప్పినవారెవరు?

బాగానే నడుస్తన్నాది కదా!

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బొబ్బిలిలోనో, ఏదో ఓ డీటీపీ సెంటరు గడప తొక్కండి. మూలనున్న పాత కంప్యూటరు చూపించి మార్చరాదా అనండి. ‘ఇప్పుడు దానికేటైందండీ, బాగానే నడుస్తన్నాది కదా’ అంటారు.

పిసినారితనం అని కొట్టిపారేయడం తేలిక. కాస్త లోపలికెళ్లి చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. ఆ కంప్యూటర్లో పేజ్‌మేకర్ 7 ఉంటుంది. 2001లో వచ్చిన సాఫ్ట్‌వేరు. దాని తరవాత కొత్తది రాలేదు. పక్కన అను ఫాంట్లుంటాయి. పాతికేళ్లుగా కొట్టిన పెళ్లికార్డులు, జాతర కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, కవుల పుస్తకాలు, దినకర్మ కార్డులు... అన్నీ అందులోనే. అను ఫాంటులో కొట్టిన మ్యాటరు యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ గజిబిజిగా కనిపిస్తాయి. పాత విండోస్‌ను వదులుకోవడం అంటే ఆ యజమానికి పాత కంప్యూటరును వదులుకోవడం కాదు, పాతికేళ్ల కష్టాన్ని వదులుకోవడం.

డీటీపీ వాళ్లే కాదు. బిల్లులు కొట్టే చుక్కల ప్రింటరుకు కొత్త కంప్యూటర్లో తీగ పెట్టుకునే చోటే ఉండదు. ధర్మకాటా దగ్గర బరువు చూపే సాఫ్ట్‌వేరు రాసిచ్చినవాడు ఎప్పుడో హైదరాబాదు వెళ్లిపోయి ఉంటాడు. స్కానింగ్ యంత్రం లక్షలు పోసి కొన్నది. దాన్ని నడిపే కంప్యూటరు ఓఎస్ మార్చాలంటే యంత్రం కంపెనీ ఒప్పుకోవాలి. అంతెందుకు, ఏటీఎంలు? మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలైనప్పుడు తెరమీద ఎక్స్‌పీ బొమ్మ చూసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఎక్స్‌పీకి అతుకులు ఆగిపోయిన నాలుగేళ్లకు, 2018 జూన్లో రిజర్వు బ్యాంకు గట్టిగా గడువు పెట్టింది. సెప్టెంబరుకల్లా నాలుగో వంతు, డిసెంబరుకల్లా సగం... అలా 2019 జూన్ నాటికి అన్ని ఏటీఎంలలోనూ పాత ఓఎస్ తీసేయాలని బ్యాంకులకు చెప్పింది. బ్యాంకులకే అంత టైము పడితే, కోటబొమ్మాళిలో ఫొటో స్టూడియో పెట్టుకున్నాయన తటపటాయించడంలో వింతేముంది?

కాబట్టి ఈ శీర్షికలో ‘పాతవన్నీ తీసి అవతల పారేయండి’ అని రాయడం నాకిష్టం లేదు. కానీ ‘బాగానే నడుస్తోంది’ అన్న మాటతో మాత్రం పేచీ ఉంది. గడియ లేని కిటికీ కూడా బాగానే మూసుకుంటుంది, బాగానే తెరుచుకుంటుంది. వెలుతురు బాగానే వస్తుంది. దొంగ వచ్చిన రోజునే గడియ సంగతి గుర్తొస్తుంది.

ఓఎస్ పాతబడేకొద్దీ ప్రమాదం పెరగడానికి ఇంకో కారణం ఉంది. ఇది చాలామందికి తట్టదు. కొత్త విండోస్‌కు మైక్రోసాఫ్ట్ అతుకు విడుదల చేసిన ప్రతిసారీ, ‘ఇదిగో ఇక్కడ చిరిగింది’ అని లోకానికి చూపించినట్టే. దొంగలు ఆ అతుకును విప్పి చూస్తారు. పాత విండోస్ కూడా ఆ తానులో ముక్కే కాబట్టి, అదే చిరుగు అక్కడా ఉండే అవకాశం ఎక్కువ. ఇక్కడ అతుకు పడింది, అక్కడ ఎప్పటికీ పడదు. కొత్తవాళ్లకు మందు, పాతవాళ్ల ఇంటికి దారి చూపే మ్యాపు అవుతుందన్నమాట.

నెట్ లేదు, నాకేం?

‘దానికి నెట్ కనెక్షనే ఇవ్వలేదండీ’ అనేవాళ్లు ఇంకొందరు. మంచిదే. కానీ పెన్‌డ్రైవ్ పెడతారుగా! ఫొటోలు ప్రింటు తీయించుకోడానికి పది స్టూడియోలు, నాలుగు జిరాక్సు షాపులు తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి ‘అయ్యో, ఫొటోలేవీ?’ అని లబోదిబోమన్న అనుభవం ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. 2008 చివర్లో లక్షల కంప్యూటర్లను చుట్టేసిన కాన్‌ఫికర్ పురుగు నెట్‌వర్కులతోపాటు పెన్‌డ్రైవుల మీదా ప్రయాణం చేసింది. విచిత్రం ఏమంటే, దానికీ అతుకు అప్పటికే అక్టోబరులో వచ్చి ఉంది.

వాన్నాక్రై విషయంలో అయితే నెట్ లేకపోవడమే కొందరి కొంప ముంచింది. ఆ పురుగు పని మొదలెట్టే ముందు ఓ పిచ్చి పేరున్న వెబ్‌సైటు ఉందేమోనని చూసేది. ఉంటే ఊరుకునేది, లేకపోతే తాళాలు వేసేది. ఇంగ్లండులో 22 ఏళ్ల కుర్రాడు మార్కస్ హచిన్స్ ఆ పేరును పది డాలర్ల చిల్లర పెట్టి తన పేరున నమోదు చేసేసరికి ప్రపంచమంతటా దాని జోరు తగ్గిపోయింది. అయితే నెట్ లేని ఆఫీసుల్లో కంప్యూటర్లకు ఆ వెబ్‌సైటు కనిపించదు కదా! ఎవరి ల్యాప్‌టాపుతోనో పురుగు లోపలికి చేరితే, అక్కడ దాన్ని ఆపే నాథుడే లేడు.

ఇంకో సంగతి. పాత కంప్యూటరు పోతే నష్టం యజమానికే అనుకుంటాం. ఇంటర్నెట్ సెంటర్ల సంగతి చూడండి. పిల్లాడి కౌన్సెలింగు, పింఛను దరఖాస్తు, భూమి కాగితాలు, రైలు టికెట్టు... అన్నీ అక్కడే. ఆధార్ స్కాన్లు, పాస్‌పుస్తకం మొదటి పేజీలు ఆ కంప్యూటరు డెస్క్‌టాప్ మీద గుట్టలుగా పడి ఉంటాయి. చెన్నైలోనో హైదరాబాదులోనో భవనాల పనికి వెళ్లిన మనిషి పంపే డబ్బు కోసం ఇంట్లో ఆడమనిషి వచ్చి అక్కడే పాస్‌వర్డు చెప్పి కొట్టిస్తుంది. ఆ కంప్యూటర్లో కొట్టిన ప్రతి అక్షరాన్నీ పట్టుకుపోయే దొంగ ప్రోగ్రాము ఉందనుకోండి, పోయేది సెంటరాయన డబ్బు కాదు, ఆమెది.

పైగా ఓఎస్ పాతబడితే దానితో పాటు మిగతావీ పాతబడిపోతాయి. క్రోమ్ బ్రౌజరు ఎక్స్‌పీని 2016లో వదిలేసింది. విండోస్ 7, 8.1లను 2023 మొదట్లో వదిలేసింది. పాత బ్రౌజరులో బ్యాంకు సైటు తెరిస్తే ‘ఇది సురక్షితం కాదు’ అని హెచ్చరిక వస్తుంది. రోజూ వచ్చేదే కదా అని దాన్ని తోసుకుని ముందుకెళ్లడం అలవాటైపోతుంది. నిజంగా దొంగ సైటు వచ్చిననాడు కూడా ఆ వేలు అలాగే తోసేస్తుంది.

ఈసారి వంతు 10ది

ఇవన్నీ పాత ముచ్చట్లు అనుకోకండి. విండోస్ 7కి 2020 జనవరి 14న, 8.1కి 2023 జనవరి 10న తెర పడింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10 వంతు వచ్చింది. మన ఇళ్లలో, బడుల్లో, దుకాణాల్లో ఎక్కువగా ఉన్నవాటిలో అదొకటి. 11కి మారదామంటే అది అందరినీ రానివ్వదు. టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సుమారుగా ఎనిమిదో తరమో ఆపైదో అయి ఉండాలి. అంటే 2017కు ముందు కొన్నవి చాలావరకు గేటు దగ్గరే ఆగిపోతాయి. నిక్షేపంలాంటి కంప్యూటర్లను ఇలా మూలకు తోసేయడం నాకైతే కంపెనీ పెత్తనంగానే కనిపిస్తుంది. కోపం రావడం సహజం. కానీ కోపంతో అతుకు పడదు కదా.

ఇంట్లో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ ఓ ఏడాది గడువు పెంచింది. 2026 అక్టోబరు 13 వరకే. నమోదు చేసుకున్నవాళ్లకే. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచుకునేవాళ్లకు ఉచితంగా, కాదంటే 30 డాలర్ల లెక్కన ఈ ఏర్పాటు పెట్టింది. అసలు విండోసే వద్దనుకుంటే లినక్స్ ఉంది. పాత కంప్యూటరు మీదా చక్కగా నడుస్తుంది, పైసా కట్టక్కర్లేదు. మన సీడ్యాక్ తయారుచేసిన ‘బాస్’లో తెలుగు కూడా ఉంది. ఉత్తరాలు, లెక్కలు, నెట్ చూసుకోవడం వరకే పనైతే ఇంతకంటే ఏం కావాలి! పేజ్‌మేకర్, అను మాత్రం అందులో సరిగ్గా కుదురుతాయని ఆశ పెట్టుకోవద్దు.

మరి పాతది వదల్లేని వాళ్లేం చేయాలి? ముందు దాని నెట్ తీగ పీకేయండి. వైఫై ఉంటే ఆపేయండి. పక్క కంప్యూటర్లతో ఫోల్డర్లు పంచుకునే ఏర్పాటూ తీసేయండి. దానికంటూ ఓ పెన్‌డ్రైవ్ విడిగా ఉంచండి. ఖాతాదారుల పెన్‌డ్రైవ్ దానికి పెట్టనే పెట్టొద్దు. ముందు కొత్త కంప్యూటర్లో పరీక్షించి, కావాల్సిన ఫైలొక్కటే మీ డ్రైవులో వేసుకుని తీసుకెళ్లండి. బ్యాంకు, ఆధార్, ఓటీపీ పనులు దాని మీద చేయొద్దు. కొత్త కంప్యూటర్లోనూ ఎస్‌ఎంబీ పాత రకం ఆపి ఉందో లేదో తెలిసిన కుర్రాడిని ఓసారి చూడమనండి, రెండు నిమిషాల పని. అన్నట్టు, ఫోనుకూ ఇదే సూత్రం. సెట్టింగుల్లోకి వెళ్లి చివరి భద్రత అప్‌డేట్ ఏ నెలదో చూసుకోండి.

ఒకవేళ తాళం పడనే పడిందనుకోండి. మొదట నెట్‌వర్కు తీగ పీకండి. కంగారుగా కంప్యూటరు ఆపి మళ్లీ వేయకండి. వాన్నాక్రై వేసిన తాళాన్ని తీసే సాధనం ఒకటి కొద్ది రోజుల్లోనే పరిశోధకులు తయారుచేశారు. కాకపోతే అది పనిచేయాలంటే తాళం పడ్డాక కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగి ఉండకూడదు. తాళంచెవి ఆనవాళ్లు మెమరీలో ఉంటాయి, ఆపితే పోతాయి. ఇక డబ్బు కట్టడం మాటంటారా... వాన్నాక్రైలో ఎవరు కట్టారో వాళ్లకు తెలిసే దారే సరిగా లేదు. కట్టినా ఫైళ్లు వస్తాయని నమ్మకం లేదు. ఫిర్యాదుకు 1930 నంబరుంది.

అసలు మందు మాత్రం వేరే కాపీ. ఫైళ్లన్నీ రెండు డిస్కుల్లో వేయండి. ఒకటి షాపులో, రెండోది ఇంట్లో. ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచితే అది కాపీ కింద లెక్కకాదు, తాళం దానికీ పడుతుంది. కాపీ చేశాం కదా అని ఏళ్ల తరబడి ధీమాగా ఉండొద్దు. నెలకోసారి ఆ డిస్కు తగిలించి, ఏదో ఓ పాత పెళ్లికార్డు ఫైలు తెరిచి చూడండి. వధూవరుల పేర్లు సరిగ్గా కనిపిస్తే డిస్కు తీసి మళ్లీ బీరువాలో పెట్టేయండి.